పంటిగాట్ల పిడి

డ్రమ్ము నిండా నీళ్లు పోసి, దాని అంచుకు పడవ మోటారు బిగించి, సంగప్ప తాడు లాగాడు. మోటారు గర్జించింది. నారాయణఖేడ్ బజారంతా తల తిప్పి చూసింది. సంగప్పకు మాత్రం దోమ రొదంత కూడా వినపడలేదు.

ముప్పయ్యేళ్లు డీజిల్ ఇంజన్ల పక్కన కూర్చుంటే చెవులుంటాయా! రెండూ ఎప్పుడో పోయాయి. ఆ సంగతి తన భార్య హన్మమ్మకు తప్ప ఎవరికీ తెలియదని ఆయన ధీమా. ఎదుటివాళ్ల పెదవుల కదలిక చూసి మాట పోల్చుకుంటాడు; వెనకనుంచి పిలిస్తే పలకడు. పొగరనుకుంటారు కాబోలు, అనుకోనీ. చెవిటి మెకానిక్ దగ్గరికి మోటారు ఎవడు తెస్తాడు?

స్క్రూడ్రైవర్ మొనను మోటారుకు ఆనించి, కర్రపిడిని పళ్లతో కరిచి కళ్లు మూశాడు. అంతే! లోపల తిరిగే ప్రతి ముక్కా దవడ ఎముక గుండా తలలోకి వచ్చి తన కష్టసుఖాలు చెప్పుకుంది. ఇన్నేళ్లయినా ఈ వింతకు ఆయన ఒళ్లు జలదరిస్తూనే ఉంటుంది.

శంకరమ్మ చుట్టూ తిరిగి ఆయన ఎదుటికొచ్చింది. మనూర్ అవతల మంజీర నీళ్లలో కూలీలను దాటించే మనిషి. నిరుడు ఎవడో అంటగట్టిన మోటారు నడుమ నీళ్లలో ఆగిపోయి, పదకొండు మంది ఆడవాళ్లతో పడవ పొద్దుగూకేదాకా కొట్టుకుపోయింది. ఆనాటినుంచి ఆ పడవ ఎక్కినవాళ్లు లేరు. రెండు నెలలు కష్టపడి, కుళ్లిన చెక్కలు పీకి కొత్తవి వేసి, తారు పూసి పడవను బతికించుకుంది. మళ్లీ మోటారు ఆగిందంటే ఇక ఆమె బతుకు ఒడ్డునే. పాత సామాన్ల వ్యాపారి రెండు మోటార్లు వదిలివెళ్లాడు, ఒకటి ఎంచుకొమ్మని. డ్రమ్ముకు బిగించింది వాటిలో మొదటిది.

"గిదే తీస్కుంటనన్నా. ఎట్ల మెరుస్తున్నదో సూడు!"

"మెరుస్తది. లోపట బేరింగులు అరిగినయ్. నెల గూడ నడ్వది."

రెండోది రంగు వెలిసిన ముసలిది. దగ్గింది, తుమ్మింది, ఎలాగో అందుకుంది. పిడి కరిచిన సంగప్ప ముఖం విచ్చుకుంది. బాగా వేడెక్కనిచ్చి ఆపేశాడు. ఛాయ్ తాగాక తాడు ఆమె చేతికిచ్చాడు.

"నువ్వే లాగు చెల్లె. నీళ్లల్ల నేనుండ."

ఒక్క లాగుకే అందుకుంది. అయినా ఆమె భయం తీరలేదు.

"నడుమ నీళ్లల్ల ఆగితే?"

"పా, గక్కడనే సూద్దాం."

మోటారును ఆటోలో తీసుకుపోయి మంజీర ఒడ్డున పడవకు బిగించారు. అరవై రెండేళ్ల వయసులో సంగప్ప మొదటిసారి పడవెక్కాడు. మధ్యాహ్నపు ఎండలో అంత నీరు చూసి నోరు తెరిచాడు. సరిగ్గా నడిమధ్యలో "బంద్ చెయ్" అన్నాడు. శంకరమ్మ ఆపింది. పడవ మెల్లగా పక్కకు కొట్టుకుపోసాగింది. ఆమె పెదవులు దేవుణ్ణి తలుచుకుంటున్నాయి.

ఏం తోచిందో, సంగప్ప స్క్రూడ్రైవర్ మొనను అడుగు చెక్కకు ఆనించి పిడి కరిచాడు.

అబ్బా! మంజీర! చెక్క కింద జారిపోతున్న నీళ్లు, చిట్లుతున్న బుడగలు, ఎక్కడో లోతుల్లోంచి వచ్చే ఒక పెద్ద ఊపిరి! నదంతా వచ్చి ఆయన తలలో పారింది. కళ్లు ధారలు కట్టాయి.

"చెల్లె, నాకు చెవులు వినపడయ్. ఇరవై ఏండ్లాయె. నీళ్ల సప్పుడు మళ్ల ఇయ్యాల్నే విన్న."

శంకరమ్మ ఆయన ముఖంలోకి చూస్తూ నిదానంగా చెప్పింది.

"ఎర్కే అన్నా. బజారంతకు ఎర్కే. నీ అసొంటోడు ఇంకోడు లేడనే నీ కాడికి తెస్తరు."

సంగప్ప నిర్ఘాంతపోయాడు. నిజమే, ఇన్నేళ్లుగా ప్రతివాడూ తన ఎదుటికి వచ్చి నిలబడ్డాకే నోరు విప్పేవాడు! ఎంతమంది, ఎన్నేళ్లు, ఒక్కరైనా బయటపడకుండా! నది కన్నా ఇదే పెద్దగా తోచిందాయనకు.

"లాగు" అన్నాడు.

ఒక్క లాగుకే మోటారు అందుకుంది. శంకరమ్మ గట్టిగా నవ్వేసింది. సంగప్ప మళ్లీ పిడి కరిచి, పడవ అంచుకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

ఒడ్డు చేరాక ఆమె పిలవలేదు. అలవాటు ప్రకారం ఎదుటికొచ్చి, వంగి, భుజం తట్టింది.

"సంగన్నా, వచ్చినం."

ఆయన కళ్లు తెరవలేదు. ఊపిరి ఆడడం లేదు. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. ఆమె అక్కడే కూలబడి ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మోటారు ఆపాలన్న సంగతే తోచలేదు. అది ఆగకుండా నడుస్తూనే ఉంది. అడుగు చెక్క మీద, పంటిగాట్లు పడిన ఆ పిడి దాంతోపాటే సన్నగా అదురుతోంది.