సముద్రం వంకరగా కనిపించకుండా

దుప్పటి మీద ముడతలుంటే సముద్రం వంకరగా కనిపిస్తుందట. అందుకని ఇస్త్రీ చేయమన్నారు మా ఆయన. సాయంత్రం ప్రొజెక్టర్‌తో బొమ్మలు వేయడానికి లివింగ్ రూమ్ గోడకి కట్టాల్సిన పెద్ద తెల్ల దుప్పటి. నీళ్ళు చల్లి, ఇస్త్రీపెట్టె అదిమిపట్టి రుద్దుతున్నాను. అవతల స్టవ్ మీద ముప్పైమందికి పులిహోర కోసం అన్నం ఉడుకుతోంది. "మధ్యలో గట్టిగా రుద్దు రాధా, అసలు బొమ్మంతా అక్కడే పడుతుంది" అని సోఫాలోంచి సలహా ఇచ్చారు. ఆయన ఒళ్ళో ఫోటో స్లైడ్లు అమర్చే గుండ్రటి ట్రే ఉంది. స్పెయిన్‌లో సముద్రం ఒడ్డునున్న వెలెన్సియా ఊరంతా నూట నలభై స్లైడ్లయి ఆ ట్రేలో కూర్చుంది. ఒక్కోదాన్నీ కిటికీ వెలుగుకి పెట్టి చూసుకుంటూ, తనలో తను నవ్వుకుంటూ అమరుస్తున్నారు.

నాకు అసూయగా ఉంది. మొగుడి మీద అసూయేమిటి, చోద్యం కాకపోతే, అనేవాళ్ళు అననీండి. కడుపు మండిపోతోంది. కాకినాడలో పుట్టిన పిల్లని నేను. బడి ఎగ్గొట్టి సముద్రానికి వెళ్ళి వీపు పగిలేలా దెబ్బలు తిన్నదాన్ని. మిషిగన్‌లో ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చి ఎనిమిదేళ్ళయింది. కార్ల కంపెనీలో ఆయన ఇంజనీరు, ఆస్పత్రి రికార్డుల సెక్షన్‌లో నేను టైపిస్టుని. నా ఉద్యోగానికి ఆయన పెట్టిన పేరు 'కాలక్షేపం'. ఈ ఎనిమిదేళ్ళలో నేను ఉప్పునీళ్ళలో కాలు పెట్టలేదు. ఆయన మాత్రం మొన్న డిసెంబరాఖర్న వెలెన్సియా ప్లాంట్ పనిమీద వెళ్ళి ఐదు వారాలుండి వచ్చారు. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవారు. "రాధా, ఇక్కడ వీధుల్లో నారింజ చెట్లే! మన ఊళ్ళో వేపచెట్లలాగ! పళ్ళు రాలి పడుతుంటే తొక్కుకుంటూ పోతున్నారు. ఎండ భలే ఉంది, స్వెటర్ కూడా అక్కర్లేదు తెలుసా?" నాకెలా తెలుస్తుంది? ఆ ఆదివారం మీనాకి ఆటలమ్మ పోసింది. కారు బ్యాటరీ చచ్చింది. డ్రైవ్‌వేలో మోకాలిలోతు మంచు. పార పట్టుకుని తవ్వి తవ్వి, బూట్లు విప్పకుండానే పరుగెత్తుకొచ్చి ఫోనెత్తాను. "ఆఁ, చాలా బాగుందండీ" అన్నాను. వంటింటి నేలమీద నా బూట్ల మంచు కరిగి మడుగు కట్టింది. ఫోన్ పెట్టేశాక అదీ నేనే తుడిచాను.

నేనూ వస్తానని అడక్కపోలేదు. ఆయనతో వెళ్తున్న ఆఫీసు స్నేహితుడు రవికుమార్ భార్య నళినిని కూడా తీసుకెళ్తున్నాడు. నవంబర్లో, ఆయన తలకి నూనె రాస్తూ అడిగాను. నోరు తెరిచి నాకోసం ఏదైనా అడగడం పెళ్ళయ్యాక అదే మొదలేమో. "నీకు వీసా రాదు రాధా" అన్నారు. "రవికుమార్ వాళ్ళంటే సిటిజన్లు. అమెరికన్ పాస్‌పోర్ట్, కాబట్టి నళిని వెళ్తుంది. మనది ఇండియన్ పాస్‌పోర్ట్. అదైనా నీకంటూ వేరే ఎక్కడుంది? నాదాంట్లోనే కదా నువ్వు." అది నిజమే. భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకటే ఇస్తారంటే పెళ్ళయిన కొత్తలో తీయించిన పుస్తకం. ఆయన ఫోటో, పక్కన నా ఫోటో, నా ఫోటో కింద 'భార్య' అని. మళ్ళీ కొత్త పుస్తకం వచ్చినప్పుడూ అలాగే వచ్చింది. "మొగుడూ పెళ్ళాలకి రెండు పుస్తకాలెందుకే, చూడు ఎంత ముచ్చటగా ఉందో" అని మా అత్తగారు ఊరంతా తిప్పి చూపించారు. అప్పట్లో నేనూ మురిసిపోయాను. ఇక్కడ పుట్టిన మీనాకి ఏడేళ్ళు. దాని పాస్‌పోర్ట్ దానికుంది, నీలం అట్టతో. ఎవరి పక్కనా కాదు, పేజీ అంతా దానిదే. కన్నకూతురి పాస్‌పోర్ట్ చూసి కుళ్ళుకున్న తల్లి ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలీదు.

సాయంత్రం మా తెలుగువాళ్ళందరూ వచ్చారు. బయట బూట్ల గుట్ట, లోపల కోట్ల గుట్ట. దీపాలార్పి ప్రొజెక్టర్ వేశారు. నా దుప్పటి మీద సముద్రం వచ్చింది. ముడత లేదు, వంకర లేదు. ఎంత నీలమండీ బాబూ! టీ కప్పుల ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"రాధా, పక్కకి జరుగు, నీ నీడ పడుతోంది" అన్నారు ఆయన చీకట్లోంచి. చూద్దును కదా, నడి సముద్రంలో నల్లగా నా తల. జరిగాను.

తరవాతి స్లైడ్‌లో నారింజ చెట్టు కింద నళిని. చేతుల్లేని జాకెట్టు, నల్ల కళ్ళజోడు, చేతిలో సగం ఒలిచిన పండు. "జనవరి పన్నెండున తీసిందండీ, నమ్ముతారా?" అని మా ఆయన వ్యాఖ్యానం. జనవరి పన్నెండున నేనేం చేస్తున్నానో గుర్తుంది. మీనా వీపుకి లోషన్ రాస్తున్నాను. నళిని మంచిదే, నాకేం అపకారం చెయ్యలేదు. అయినా ఆ చేతిలో పండు లాక్కోవాలనిపించింది.

"మరి రాధారాణి గారిని తీసుకెళ్ళలేదేం దామోదర్?" అన్నారు రామమోహన్ గారు, మాలో పెద్దాయన.

"మా ఆవిడకి ఇల్లు కదలడం ఇష్టం ఉండదండీ. ఎంత బతిమాలినా రానంది" అన్నారు మా ఆయన. అందరూ నవ్వారు. నాతో అన్న 'వీసా రాదు' అక్కడికొచ్చేసరికి 'ఇల్లు కదలదు' అయింది.

ఖాళీ కప్పులు తీసుకుని నళిని నా వెనకాలే వంటింట్లోకి వచ్చింది. "అదేమిటండీ, మీరు రానన్నారా? మీరొస్తున్నారనే చెప్పారు మాకు. హోటల్లో మా పక్క గది, ఇద్దరికని ఇచ్చారు. మార్కెట్‌కి తోడుంటారని ఎంత ఆశపడ్డానో! మీ వీసా కూడా ఆఫీస్ వాళ్ళే తెప్పించారని రవి చెప్పాడే?"

"ఇంకాస్త పులిహోర వేసుకోండి" అన్నాను.

మర్నాడు పొద్దున్న సొరుగు తెరిచాను. ఆయన ప్రయాణం నుంచి రాగానే పాస్‌పోర్ట్ తీసి అందులో పెట్టింది నేనే. లోపల తెరిచి చూడాలని మాత్రం తోచలేదు, ఆయన వస్తువు కదా అని. స్పెయిన్ వీసా, ఊదారంగు ముద్ర. స్పానిష్ నాకు రాదు. కానీ మనుషులెందరు అన్నచోట పెన్నుతో వేసిన అంకె ఏ భాషవాళ్ళయినా చదవగలరు. రెండు. ఐదు వారాలు నా ఫోటో ఆయన కోటు జేబులో వెలెన్సియా తిరిగింది. నేను ఇక్కడ మంచు తవ్వాను.

పుస్తకం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. పేపర్ కొద్దిగా దించి చూశారు. "ఓ, అదా. వచ్చింది, నిజమే. నేను పొద్దస్తమానం ప్లాంట్‌లో ఉంటే నువ్వొచ్చి ఏం చేస్తావక్కడ? పిల్ల స్కూలు ఒకటి. నీకు బోర్ కొడుతుందనే చెప్పలేదు. ఇప్పుడు దీన్ని పెద్ద ఇష్యూ చేయకు." మళ్ళీ పేపర్ లేచింది.

చేయలేదు. చికాగోలో మన కాన్సులేట్‌కి ఒక ఉత్తరం రాశానంతే. పదిరోజుల్లో ఫారాలొచ్చాయి. మా ఇంట్లో ఫారాలన్నీ నింపేది నేనే. గ్రీన్ కార్డులవీ, టాక్సులవీ, మీనా స్కూలువీ. ఆయన సంతకం ఎక్కడో పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెడతాను, ఆయన పెడతారు. ఇవీ అలాగే నింపాను. ఏయే దేశాలకు వెళ్ళదలిచారు అని ఒక గడి ఉంది. మీనా అట్లాస్ తెచ్చుకుని, వెలెన్సియాని ఆనుకున్న ఆ నీలం చుట్టూ ఉన్న దేశాలన్నీ వరసగా రాశాను. స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్, ఈజిప్ట్. గడి చాలక అంచుమీదకి పోయింది. ప్రయాణం దేనికి అని ఇంకో గడి. ఆయన ఫారాల్లో ఎప్పుడూ 'ఉద్యోగరీత్యా' అని రాసేదాన్ని. నాకేం రాయాలి? చాలాసేపు ఆలోచించి 'చూడడానికి' అని రాశాను.

"అమ్మా, నువ్వు ఎక్కడ గో చేస్తావు?" అంది మీనా, అట్లాస్ మీద గడ్డం ఆనించి.

"సముద్రానికి. వచ్చే జనవరిలో. వస్తావా?"

"నాన్న?"

"నాన్న చూసేశారుగా."

బుధవారం ఉప్మా తింటూండగా ఆయన ముందు కాగితాలు పెట్టాను. "ఒకసారి చదవండి" అన్నాను. దేవుడి సాక్షి, రెండుసార్లు అన్నాను. "నువ్వు చూశావుగా, ఇంకేం చదవడం" అంటూ ఎడంచేత్తో ప్లేటు పక్కకి జరిపి ఇంటూ గుర్తులున్న రెండుచోట్లా సంతకం గీకారు. మధ్యాహ్నం లంచ్ టైములో పోస్టాఫీసుకి వెళ్ళి రిజిస్టర్ చేశాను.

మార్చి మొదటి శనివారం. బయట మళ్ళీ మంచు. ఆయన హుషారుగా మెట్లు దిగి వచ్చారు. "పదిహేనున మళ్ళీ వెలెన్సియా. ఈసారి నెలరోజులు. పాస్‌పోర్ట్ ఎక్కడ పెట్టావు రాధా?"

"చికాగోలో ఉంది."

"చికాగోలోనా? ఎందుకు?"

"మీదాంట్లోంచి నా పేరు కొట్టేసి, నాకు వేరే ఇమ్మని రాశాం కదండీ. ఆరువారాలు పడుతుందట."

"మనమా? నేనెప్పుడు రాశాను?"

"మొన్న ఉప్మా తింటూ సంతకం పెట్టారే."

ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డారు. "నాకు ఒక్క మాట చెప్పొద్దా?" అన్నారు, గొంతు పెంచకుండానే.

"చదవమన్నాను" అన్నాను.

కిటికీలోంచి డ్రైవ్‌వేకేసి చూస్తూ కూర్చున్నారు. "ఈ మంచులో ఆరువారాలు నేనేం చెయ్యను?" అన్నారు ఆఖరికి, చిన్నపిల్లాడిలా.

నేను నారింజపండు ఒలుచుకుంటున్నాను. "పార గరాజ్‌లో ఉంది. లోపలికి వెళ్ళగానే ఎడంపక్క" అన్నాను.