పప్పు ఉడికే నీళ్ళు

"సమోవాయే నయమంటున్నాను కదా! టోంగాలో ఆదివారం కొట్టు కూడా తెరవరట," అన్నారు మా ఆయన అప్పటికి మూడోసారి.

"సమోవాలో జీతం తక్కువ కదా నాన్నా?" అన్నాడు శశిధర్.

"టోంగాలో వాననీళ్ళు పట్టుకుని తాగుతారట," కంప్యూటర్లోంచి చదివింది మా అమ్మాయి రచన.

బహ్రెయిన్‌లో ఆయన ఉద్యోగం వేసవితో ముగుస్తుంది. లెక్కలు చూసేందుకు రమ్మని పసిఫిక్ సముద్రంలోని ఆ రెండు దీవుల హోటళ్ళూ పిలిచాయి. ఎక్కడ బతుకు బాగుంటుందని పొద్దుటి నుంచీ వాదన. అట్టు తిరగేస్తూ అడిగాను, "అక్కడ పప్పు ఏ నీళ్ళతో ఉడుకుతుంది?"

ముగ్గురూ నవ్వారు. "దేశాల సంగతి మాట్లాడుతుంటే నీ పప్పు గొడవేంటే సులోచనా!"

వాళ్ళకేం తెలుసు? ఇక్కడ ముహర్రక్‌కి వచ్చిన కొత్తలో ఎంతసేపు ఉడికించినా పప్పు పలుకులుగానే ఉండేది. "ఇన్నేళ్ళు వండి పప్పు చెయ్యడం మర్చిపోయావా?" అని కంచం పక్కకి నెట్టారాయన. నిజమేననుకుని, వంటింట్లో ఒక్కదాన్నే కళ్ళు తుడుచుకున్నాను. పక్కవాటాలో ఉండే నిజామాబాద్ రౌషన్ గిన్నెలోకి తొంగి చూసి పకపకా నవ్వింది. "అయ్యో అక్కా, నల్లా నీళ్ళు ఉప్పు గదా! పొద్దుందాక ఉడకవెట్టినా మెత్తగ గాదు. మీఠా పానీ బండొస్తది, నాతోని రా." ఆ తియ్యనీళ్ళ బండి హారను వినబడితే డబ్బాలు పట్టుకుని ఇద్దరం మెట్లు దిగేవాళ్ళం. సముద్రపు గాలికి ఆమె దుపట్టా నా మొహం మీద పడేది. వరసలో నిలబడి ఉండగానే ఆమె నాకు ఉర్దూ నేర్పింది, నేను ఆమె పిల్లకు అక్షరాలు దిద్దించాను. "గింత మంచిగ చెప్తవు, ఇంట్ల ఎందుకు కూసున్నవక్కా? బుసైతీన్ల చిన్నపిల్లల బడి ఉన్నది, పోరాదు," అని తరిమింది. రాజమండ్రిలో ఒక బడి, మస్కట్‌లో ఒక బడి ఆయన బదిలీలకు వదిలేసినదాన్ని. ఈసారి భయంభయంగానే టీచరుగా చేరాను. రౌషన్ వాళ్ళు ఊరెళ్ళిపోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఎక్కడ నీళ్ళబండి హారను విన్నా కాళ్ళు మెట్ల వైపు కదులుతాయి. ఆయన వీసా మీదున్న భార్యను కాబట్టి ఆయన వెళితే నేనూ వెళ్ళాలి. ఈ బడీ పోతుంది. ఆ మాట మాత్రం పొద్దుటి నుంచీ ఎవరి నోటా రాలేదు.

"సరే, సమోవా ఖాయం. సామాను సంగతి నువ్వు చూసుకో," అన్నారాయన.

స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చి వాళ్ళ మధ్య కూర్చున్నాను.

"బడివాళ్ళు నాకు వాళ్ళ పేరు మీద వీసా ఇస్తామన్నారు. నిన్న సంతకం పెట్టాను. నేను ఇక్కడే ఉంటాను," అన్నాను. "నన్నెవరూ అడగలేదు. పిల్లల్నయినా అడగండి, ఎవరి దగ్గరుంటారో."