కేంటీను కర్టెన్లు, ఆముదం వాసన

అయినా బట్టతల మనిషి జుట్టుకి ఆముదం రాసుకుంటున్నానంటే నమ్మడానికి తనేమన్నా పాలు తాగే పిల్లా అనుకుంది ఆర్లెట్, అనుకుంటూనే ముందున్న లావుపాటాయన భుజం పక్కనుంచి మెడ చాచి చూసింది, కారు కనబడలేదు, టోపీలు, టోపీల వెనక టోపీలు, పైన పారిస్ కార్ల ఎగ్జిబిషన్ జరిగే గ్రాన్ పలే హాలు గాజు కప్పులోంచి అక్టోబరు ఎండ, గోడ గడియారంలో పదకొండూ ఇరవై, పన్నెండింటికి గాస్తోన్ బయట పెద్ద గుమ్మం దగ్గర నిలబడతాడు, పెళ్ళికి అవునో కాదో బుధవారం చెప్పెయ్, కాదంటే గురువారం లియోన్ రైలెక్కి మా అన్న షెడ్డులో చేరిపోతాను, నిన్ను విసిగించను అని మొన్న ఆదివారం సెన్ నది ఒడ్డున బెంచీ మీద రొట్టె తుంచుతూ చెప్పాడు, ఎంత మెల్లగా చెప్పాడో, కాదు అని రాసిన చీటీ ఇప్పుడు చేతిసంచీలో ఉంది, ఎదురుగా నిలబడి అనే ధైర్యం లేక నిన్న రాసింది, నాలుగే లైన్లు, వాటికి సాయంత్రమంతా పట్టింది.

ఎందుకు కాదూ అంటే ఆముదం, అంతే, రోజూ మధ్యాహ్నం ఫ్యాక్టరీ కేంటీనులో ఎదురుగా కూర్చుంటే అతని చేతుల్లోంచి అదే వాసన, ఏంటిది గాస్తోన్ అంటే జుట్టుకి రాస్తున్నా అన్నాడు చెవులు ఎర్రబడి, ఏ జుట్టుకీ అని తను నవ్వింది, అతనూ నవ్వేసి సూప్ మీదకి వంగాడు, ఆముదం ఎవరికి పడతారు, పిల్లలకి పడతారు, చిన్నప్పుడు అమ్మ తన ముక్కు మూసి చెంచాతో పొయ్యలేదూ, అంటే ఇంట్లో పిల్ల ఉన్నట్టే, పిల్లుంటే పిల్ల తల్లీ ఉంటుంది, ఫ్యాక్టరీలో నీ పనేంటి అంటే గొట్టాలు, ఏం గొట్టాలు అంటే మామూలు గొట్టాలే, ఇంత చిన్న సంగతి దాచేవాడు పెద్దవి ఎన్ని దాస్తాడే అంది పక్క మిషను మీద కుట్టే లుసెట్, నిజమే కదా.

అమ్మో, ఎవరో కాలు తొక్కారు, పరవాలేదు, ఇంకో రెండడుగులు, పక్కావిడ భర్తని గద్దిస్తోంది, కారు చూడకుండానే ఆర్డరు ఇచ్చేశావా, నీకు మతి గానీ పోయిందా, చూసేదాకా ఆగితే లిస్టులో మన పేరు ఎక్కడుంటుందే పిచ్చిదానా అంటున్నాడాయన, జరగండయ్యా దానికి సీట్లు కుట్టింది నేనే అని అరవాలనిపించింది ఆర్లెట్‌కి, నాలుగేళ్ళు, తాళం వేసిన గది, ఆరుగురు ఆడవాళ్ళు, కన్నతల్లికి కూడా చెప్పనని సంతకం, చేతికి వచ్చేది సీటు ఒక్కటే, ఆ సీటు ఏ కారులోకి పోతుందో, ఆ కారు ఎలా ఉంటుందో ఇవాళ్టిదాకా చూడలేదు, అంతకుముందు పదకొండేళ్ళు ఒక కొట్లో పెళ్ళిగౌన్లు కుట్టిన చెయ్యి ఇది, గౌను అంచులో తన వెంట్రుక ఒకటి పెట్టి కుట్టిన పిల్లకి ఏడాది తిరక్కుండా పెళ్ళవుతుందని అక్కడ అందరూ పెట్టేవాళ్ళు, తనూ పెట్టింది, ముప్ఫైనాలుగేళ్ళొచ్చినా కాలేదు, అది వేరే సంగతి, ఆగస్టులో ఊరంతా సముద్రానికి పోతే వీళ్ళు సెలవు మానుకుని ఈ ఎగ్జిబిషన్ కారుకి సీట్లు కుడుతుంటే డ్రైవరు సీటు అంచులో చటుక్కున ఒక వెంట్రుక పెట్టేసింది, పని అజమాయిషీ చేసే మదాం బెర్తియే కళ్ళజోడు మీదనుంచి చూసి, అమ్మాయ్, అది పెళ్ళికూతుళ్ళకే, దీన్నెవరు కట్టుకుంటారే అంది, ఇదీ పెళ్ళికూతురే మదాం, ముసుగు ఇంకా తియ్యలేదు అంతే అంది తను, గది గదంతా నవ్వు.

ముసుగు తీశారు, అదిగో, దేవుడా, ఇదా, ఇది కారా, ఏటి నీళ్ళలో తడిసిన గులకరాయిలా ఎక్కడా ఒక మూల లేదు, తలుపు తెరిచే ఉంది, లోపల తన సీటు, తన కుట్టు, వంద సీట్లలో పెట్టినా గుర్తుపడుతుంది, కళ్ళు చెమర్చాయి, తుడుచుకునేలోపే కారు కదిలింది, ముందుకి కాదు, పైకి, ఎవరూ ముట్టుకోకుండా, చక్రాలు నేల మీదే ఉండగా ఒళ్ళంతా మెల్లగా లేచింది, జనం హా అన్నారు, ఆ గాలికి గుప్పున కొట్టింది వాసన, ఆముదం, తనకి మతి పోయిందా, ఇక్కడ ఆముదమేంటి, పక్కావిడా ముక్కు ఎగబీల్చి ఏమిటండీ ఈ వాసన అంది, కంపెనీ సూటు వేసుకున్న కుర్రాడు గర్వంగా నవ్వాడు, దీనికి నరాలున్నాయి మదాం, సన్నటి గొట్టాలు, వాటిలో పారే నూనెని ఆముదంతో చేశాం, చక్రాల మీద బండిని పైకి లేపేది అదే, ఆ గొట్టాలు బిగించినవాళ్ళు ఏళ్ళతరబడి ఇళ్ళల్లో కూడా నోరు విప్పలేదు, నోరు విప్పితే ఉద్యోగం ఉండదు మరి.

గొట్టాలు, మామూలు గొట్టాలే, ఓరి గాస్తోనూ, పిల్లా లేదు పిల్ల తల్లీ లేదు, తన సీటుని ఇప్పుడు పైకెత్తింది ఆ గొట్టాలే, మధ్యలో ఒక్క గోడ, అటు అతను ఇటు తను, గడియారం పన్నెండుకి ఏడు నిమిషాలు తక్కువ చూపిస్తోంది, జరగండి, క్షమించండి, కాస్త దారివ్వండి, గుమ్మం అంత దూరంలో ఉందేంటి, అబద్ధాలకోరు అనుకుంది అతన్ని, మరి తనో, వేళ్ళ నిండా ఈ సూది పోట్లేంటి ఆర్లెట్ అని అతను అడిగిన మొదటిరోజే టక్కున కేంటీనుకి కర్టెన్లు కుడుతున్నా అనలేదూ, ఏ కేంటీనుకి, రోజూ ఇద్దరూ కూర్చుని సూప్ తాగే ఆ కేంటీనుకే, ఆగిపోయింది ఆర్లెట్ జనం మధ్యలో, ఎవరో వెనకనుంచి గుద్దుకున్నారు, దానికున్నవి మూడే కిటికీలు, ఒక్కదానికీ కర్టెన్ లేదు, నాలుగేళ్ళు ఆ ఉత్త కిటికీ కిందే తనకెదురుగా కూర్చున్నాడు, ఎండ కళ్ళల్లో కొడితే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు కూడా ఆ కర్టెన్లేవీ అని అడగలేదు.