నిలబడనన్న కాగితంపూల మొద్దు

నేను ఒక కాగితంపూల మొద్దును. ముళ్లూ పొగరూ నాకు పుట్టుకతో వచ్చాయి. ముప్పై ఏళ్లు ఒక గోడ మీంచి వీధిలోకి వాలి బతికాను. రోడ్డు వెడల్పు కోసం గోడ కూల్చినప్పుడు, కడియంలో నర్సరీ ఉన్న తాతబ్బాయి నన్ను వేళ్లతో సహా తవ్వించి తెచ్చాడు. బోన్సాయ్ చేసి పూల ప్రదర్శనలో పెడతానని ఊరంతా చాటాడు.

బోన్సాయ్‌కి ముందు రూపం ఎంచుకోవాలి. నిటారుగా నిలబెట్టడమా, పక్కకు వాల్చడమా, కుండీ అంచు దాటించి కిందికి దింపడమా అన్నది చెట్టును చూసి తేల్చాలి. తాతబ్బాయి నన్ను చూడనేలేదు. లారీలో ఎక్కువ పట్టాలని ప్రతి మొక్కకూ వెదురు పుల్ల కట్టి నిలబెట్టిన చెయ్యి అది. నాకూ పుల్ల కట్టేసి, ఇనప తీగ చుట్టి లాగాడు. ముదురు కొమ్మలు రెండు ఫట్‌మన్నాయి. ప్రాణం విలవిల్లాడింది. పైగా కిందికి వాలిన ప్రతి లేత కొమ్మనూ కత్తిరించేవాడు. మా పూలు వాటి చివరే పూస్తాయి మరి! రెండేళ్లు ఒక్క పువ్వూ లేదు.

"ఇక దీన్ని పొయ్యిలో పెట్టెయ్యండి," అన్నాడు.

అక్కడ పాతికేళ్లుగా మామిడికి అంట్లు కడుతున్న నూకరత్నం నా చుట్టూ రెండుసార్లు తిరిగింది. బోన్సాయ్‌లు చేసే బల్ల మగవాళ్లదని ఆమెను ఏనాడూ దగ్గరికి రానివ్వలేదు.

"గోడ మీంచి వాలిన చెట్టండీ ఇది. నిలబడమంటే నిలబడుద్దేటండీ? కిందికి దిగనివ్వండి."

"పూయకపోతేనో, రత్నం?"

"నా చేత్తోనే పొయ్యిలో పెడతానండి. ఈ బల్ల జోలికి మళ్లీ రానండి, ఆయ్!"

పుల్ల పీకేసింది. ఎత్తు కుండీలో నన్ను ఓరగా నాటింది. లేత కొమ్మల్ని వాటి దారిన జారనిచ్చింది. చలికాలం రాగానే, ఆకులు వాడేదాకా నీళ్లు మాన్పించింది. తిట్టుకున్నాను, దాచడం ఎందుకు? నీళ్లకు మొహం వాస్తేనే మేం విరగబూస్తామని ఆమెకు తెలుసు.

ప్రదర్శన నాటికి కుండీ అంచు నుంచి బల్ల కిందిదాకా రాణి రంగులో దిగాను. ఆకన్నది కనపడితే ఒట్టు! మొదటి బహుమతి నాదే. తాతబ్బాయి కండువా సర్దుకుని ముందుకు నడిచాడు.

"ఈ రూపం ఎంచిందెవరండీ?" అని అడిగింది న్యాయనిర్ణేత.

ఆయన నోరు తెరిచాడు. నా విరిగిన కొమ్మల మచ్చలు కంటపడ్డాయి.

"మా రత్నమండి," అన్నాడు.

పగుళ్లు తేలిన చేతులతో ఆమె కప్పు అందుకుంటుంటే నేను పొంగిపోయాను.

ఇప్పుడు బోన్సాయ్ బల్ల ఆమెదే. కొత్త మొద్దు రాగానే తాతబ్బాయి చెయ్యి అలవాటుగా వెదురు పుల్ల మీదికి పోతుంది. "ఆగండి, ముందు చూద్దాం," అంటుంది నూకరత్నం.

ఆయన ఆగుతాడు.