ఎడారిలో గాలివాన

కవిప్రియ మొండిఘటమని తిరుత్తణి నేతవీధి మొత్తానికీ తెలుసు. ఇంట్లో మగ్గం పెట్టుకుని గోడలకు బొమ్మలు వేస్తానన్నప్పుడు ఆమె తండ్రి దామోదరన్ రెండు రోజులు పలకలేదు. మూడో రోజు, పడుగుకు గంజి పట్టించే వెడల్పాటి కుంచె ఆయనే తెచ్చి చేతిలో పెట్టాడు. ఇక ఆగుతుందా ఆ పిల్ల! చిన్నాచితకా గోడలు వేసి వేసి, చివరికి తిరువళ్ళూరులో ముప్పై అడుగుల గోడ పట్టింది.

గోడ ఆనందరాజ్‌ది. కువైట్‌లో పదకొండేళ్లు లారీ తోలి వచ్చి, ఇక్కడ అరబ్బుల మందీ బిర్యానీ హోటలు పెడుతున్నాడు. శుక్రవారం ప్రారంభం.

"పాపా, గోడ నిండా ఎడారి ఉండల్ల. గాలివాన లేచి వస్తా ఉండల్ల. చూసినోళ్లకు గుండె జల్లుమనల్ల" అని ఫోన్‌లో చెప్పాడు.

ఎడారి మొహం ఎరగదు కవిప్రియ. అయితేనేం, పళవేర్కాడు సముద్రపొడ్డున గాలివాన కమ్ముకురావడం కళ్లారా చూసింది. నాలుగు రోజులు నిచ్చెన దిగకుండా, తండ్రి కుంచెతో ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క ఊపున గాలిని లాగింది. ఇసుకతిన్నెల మీదికి ఏటవాలుగా వాన దించింది. గురువారం పొద్దున చూసుకుని తనకు తానే శభాష్ అనుకుంది.

ఆనందరాజ్ వచ్చి చూసి నోరు వెళ్లబెట్టాడు.

"అయ్యో కడవుళే! ఎడారిలో వాన యాడుంది పాపా?"

"మీరే గదన్నా గాలివాన అనింది?"

"ఇసకగాలి అమ్మా! తుపానంటే మన నోటికి గాలివాన అనే గదా వచ్చేది, అట్లనేసినా. గల్ఫ్ పోయొచ్చినోళ్లు చూస్తే నవ్వరా?"

అప్పటికప్పుడు ఫ్లెక్సులు కట్టే వేల్‌మురుగన్‌కు ఫోన్ కొట్టాడు. ఎడారి ఫొటోతో ఫ్లెక్సు తెచ్చి, మధ్యాహ్నానికల్లా గోడంతా కప్పేయమన్నాడు.

ఇంత గోడ మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది? ఒక్కరూ చూడకముందే దీన్ని మూసేస్తారా? కవిప్రియకు ఏడుపొచ్చింది. అంతకు రెట్టింపు కోపమొచ్చింది.

"అడిగుండల్ల, అడగలేదు. తప్పు నాదీ ఉంది. కప్పేముందు ఒకటి చెప్పండన్నా. ఇసకగాలి వచ్చినప్పుడు మీరేం చేసేవాళ్లు?"

"ఏం చేస్తాం? లారీ నిలిపేసి, తలకు తుండు చుట్టుకొని కూసునేది. పండ్ల మధ్యంతా ఇసకే."

"కూసొని ఏమనుకునేవాళ్లు?"

ఆనందరాజ్ గోడ మీది వాన వైపు తిరిగాడు.

"దేవుడా, ఒక్క వాన పడితే ఇదంతా అణిగిపోతుందే అని. మా ఊరు కే.జీ.కండిగైలో మా ఇంటి రేకుల మీద పడతాది చూడు, ఆ వాన."

"ఆ ఫ్లెక్సులో ఇసక మాత్రమే ఉంటుందన్నా. తుపాను బొమ్మ వేసేది ఇసక ఎంత లేచిందో చూపేదానికా? దాంట్లో ఇరుక్కున్నోడికి ఎట్లుండిందో చూపేదానికి. తెలియకే వేసినా గానీ, సరిగ్గానే వేసినా. నేను చెరపను."

మధ్యాహ్నం ఫ్లెక్సు చుట్ట భుజాన వేసుకుని వేల్‌మురుగన్ దిగాడు.

"యాడ కొట్టేదన్నా?"

ఆనందరాజ్ గోడకు ఆనుకునేంత దగ్గరగా నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరగలేదు.

"బయట రోడ్డు మీద కట్టుకో పో" అన్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, "పాపా, వాన సాలదు. ఇంకా గట్టిగా పడల్ల" అన్నాడు.