జెండా ఎత్తమన్నవాడు

నేతవాళ్లు ఏటా చేసే మార్కండేయ జయంతి ఊరేగింపు ఫోటోలు తీయడం కరుణాకర్‌కు అది పదకొండో ఏడు. మెట్‌పల్లిలో అతనికి చిన్న స్టూడియో ఉంది. పెళ్లిళ్లూ, పాస్‌పోర్టు ఫోటోలూ అతని బతుకుదెరువు. ఇష్టంగా తీసేది మాత్రం ఈ ఊరేగింపే. ట్రాక్టర్ మీద మగ్గం బిగించి ఒక ముసలాయన నిజంగానే నేస్తూ వెళ్తాడు. ఆడవాళ్లు కోలాటం వేస్తారు. భీవండికీ సూరత్‌కూ మిల్లుల్లో పనికి పోయినవాళ్లు కూడా ఆ ఒక్క రోజుకు ఊరు చేరతారు. స్టూడియోలో బిగుసుకుపోయే మనుషులే ఆ రోజు కెమెరా ఉందన్న సంగతి మరిచిపోతారు.

ఆ ఏడు జెండా పట్టుకున్నది రంజిత్. ముప్పై ఏళ్లుంటాయి. మస్కట్‌లో పెద్ద భవనాలకు అద్దాలు బిగించే పని. సెలవు మీద వచ్చాడు, ఇంకో పది రోజుల్లో తిరిగి పోవాలి. జెండాకు ఎప్పుడూ వెదురు బొంగే వాడేవారు. ఈసారి జెండా పెద్దది కుట్టించామని, బొంగు ఆగదని, కులసంఘం అధ్యక్షుడు హనుమండ్లు ఇనుప గొట్టం తెప్పించాడు. ఊరేగింపు సాగినంతసేపూ పెద్ద రోడ్డు మీద కరెంటు ఆపించారు. అంగడి సందులోకి తిరిగాక పైన వెళ్లే తీగలు వేరే లైనువని ఎవరికీ తట్టలేదు.

కరుణాకర్ ముందుగా వెళ్లి సందు మలుపులో ఒక కిరాణా దుకాణం మెట్లెక్కి నిలబడ్డాడు. జెండా ట్రాక్టర్ వచ్చింది, ట్రాలీ మీద రంజిత్ నిలబడి ఉన్నాడు. చేతులు నొచ్చాయేమో, గొట్టాన్ని భుజానికి ఆనించి వంచి పట్టుకున్నాడు. జెండా నీడ మొహం మీద పడుతోంది.

"రంజిత్ తమ్మీ, జెండ జర పైకెత్తు. ఇటు సూడు."

రంజిత్ అతన్ని చూసి నవ్వాడు. గొట్టం నిటారుగా ఎత్తాడు. కరుణాకర్ ఒక ఫోటో తీశాడు. బాగా వచ్చింది. జెండా కింది అంచు మాత్రం ఇంకా అతని తల మీద పడుతోంది. రెండు మెట్లు వెనక్కి ఎక్కి, "ఇంకా జర" అన్నాడు.

అతను మళ్లీ మీట నొక్కడం, పైన నీలంగా మెరవడం ఒక్కసారే జరిగాయి. రంజిత్ ట్రాలీ మీంచి వెనక్కి పడ్డాడు. ముందు నడుస్తున్న బ్యాండువాళ్లకు తెలియక ఇంకాసేపు వాయిస్తూనే ఉన్నారు. ఆస్పత్రికి చేరేసరికి ప్రాణం లేదు.

సాయంత్రానికి వాడంతా ఒక మాట పాకింది. రంజిత్ తాగి ఉన్నాడట. ఎత్తొద్దని హనుమండ్లు చెప్తున్నా వినలేదట. హనుమండ్లు ఆస్పత్రి గేటు దగ్గర నలుగురికీ అదే చెప్తుంటే కరుణాకర్ అక్కడే ఉన్నాడు. కాదనలేదు. పోలీసు వచ్చి నువ్వేమైనా చూశావా అని అడిగినప్పుడు, తాను వెనక కోలాటం ఫోటోలు తీస్తున్నానని చెప్పాడు. జెండా ఎత్తమన్న అతని మాట బ్యాండు చప్పుడులో ఇంకెవరి చెవినా పడలేదు. ఆ సంగతి తెలిసి మొదట గుండె కుదుటపడింది. ఆ కుదుటపడటం గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత అతనికి సిగ్గేసేది.

ఇంటికి వచ్చి ఆ రెండు ఫోటోలూ తెరిచి చూశాడు. రెండిట్లోనూ రంజిత్ తన వైపే చూస్తున్నాడు. రెండోదాంట్లో గొట్టం కొన తీగను తాకి ఉంది, మొహం మీద నవ్వు ఇంకా పోలేదు. తుడిచేయాలనుకున్నాడు. చెయ్యి రాలేదు.

మూడు రోజులు అన్నం సహించలేదు. భార్య సృజన గట్టిగా అడిగితే చెప్పేశాడు. ఆమె లేచి తలుపు మూసి వచ్చి, ఎవరికీ చెప్పొద్దంది. చెప్తే పోయినవాడు రాడు, మన పిల్లల బతుకు మాత్రం బజారుపాలవుతుంది అంది. ఆమె మాటలో తప్పేమీ కనిపించలేదు అతనికి.

ఐదో రోజు రంజిత్ తల్లి సత్తమ్మ కబురు పంపితే వాళ్లింటికి వెళ్లాడు. దినాలకు ఫ్లెక్సీ వేయించాలి, ఆ రోజు తీసిన ఫోటో ఒక్కటన్నా ఉందా అని అడిగింది. లేదన్నాడు కరుణాకర్. పాస్‌పోర్టు ఫోటో పెద్దది చేసిస్తానన్నాడు. సరేనంది. అతను లేవబోతుంటే గొంతు తగ్గించి అంది:

"తాగి సచ్చిండు అంటున్నరు బిడ్డా. వాడు గా దినం ఒక్కపొద్దున్నడు. పొద్దుగాల చాయ పోస్తె గూడ వద్దన్నడు. ఎవలకు చెప్పినా తల్లివి గదా, గట్లనే అంటవ్ అంటున్నరు. ఆఖరికి కోడలు గూడ అడిగింది, నిజమేనా అత్తమ్మా అని."

ఆ కోడలు, రంజిత్ భార్య జమున, లోపలి గడపలో కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

మర్నాడు కరుణాకర్ ఆ రెండు ఫోటోలూ అచ్చువేసి పట్టుకెళ్లాడు. సృజనకు చెప్పలేదు. సత్తమ్మ ముందు కూర్చుని, నిన్న అబద్ధం చెప్పానన్నాడు. ఎత్తమన్నది తనేనని, ఒకసారి కాదు రెండుసార్లు అన్నానని చెప్పాడు. పైన తీగ ఉందా లేదా అని చూడనైనా చూడలేదన్నాడు.

సత్తమ్మ మొదటి ఫోటో చేతిలోకి తీసుకుంది. వేలితో కొడుకు చెంప తడిమింది.

"నవ్వుతుండు" అంది.

రెండోది చూడకుండానే పక్కన పెట్టింది. "హనుమండ్లు ఎత్తొద్దన్నడా?" అని అడిగింది.

"అనలే పెద్దమ్మా. ఆయన ముందట బ్యాండు కాడ ఉన్నడు."

"నువ్వు సంపినవని నేను అంటలే. సంపలేదని గూడ అంటలే. గీ ముచ్చట నాకు చెప్పుడు కాదు, నలుగుట్ల చెప్పు. నా కొడుకు తాగలేదని చెప్పు."

జమున లేచి వచ్చి, ఆమె చేతిలోని ఫోటో తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. కరుణాకర్ ఉన్నంతసేపూ మళ్లీ బయటికి రాలేదు.

పదకొండో రోజు, దినాల భోజనాలయ్యాక, షామియానా కింద కులపెద్దలు కూర్చుని ఉండగా కరుణాకర్ లేచి నిలబడ్డాడు. ఇప్పుడివన్నీ ఎందుకని హనుమండ్లు అడ్డుపడ్డాడు. కరుణాకర్ ఆగలేదు. గొట్టం సంగతి, తన మాట, పోలీసుకు చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాడు. రంజిత్ ఆ రోజు ఒక్కపొద్దు ఉన్నాడని, కాళ్లు తడబడటం తాను చూడలేదని చెప్పాడు. జమున అన్న లేచి వచ్చి చెంప మీద కొట్టాడు. ఇంకో ఇద్దరు కలిశారు. కరుణాకర్ చేతులు అడ్డం పెట్టుకోలేదు. పెదవి చిట్లి రక్తం కారుతుండగానే పోలీస్‌స్టేషన్‌కు వెళ్లి కెమెరా కార్డు ఇచ్చాడు.

కేసులో హనుమండ్లు పేరూ, కరుణాకర్ పేరూ రాశారు. రంజిత్ తాగాడని వాడలో మళ్లీ ఎవరూ అనలేదు. అనాల్సినవన్నీ ఇప్పుడు కరుణాకర్‌ను అన్నారు. ఒప్పుకున్న పెళ్లిళ్లవాళ్లు ఒక్కొక్కరే ఫోన్ చేసి వద్దన్నారు. సృజన కొట్లాడలేదు. నాకు చెప్పి పోతే ఏమయ్యేది అని ఒక్కసారి అడిగింది, అంతే. ఎండాకాలం రాకముందే స్టూడియో మూసేసి, మంచిర్యాలలో ఒక ల్యాబులో ఇతరులు తీసిన ఫోటోలు అచ్చువేసే పనికి కుదిరాడు. పిల్లల బడి కోసం సృజన మెట్‌పల్లిలోనే ఉండిపోయింది.

ఏడాదిన్నరకు కేసు సాక్ష్యాలకు వచ్చింది. పక్క పట్నంలోని కోర్టులో సత్తమ్మను అడిగితే, ఈయన ఎత్తమన్నాడు, నా కొడుకు ఎత్తాడు, ఆ మాట ఈయనే వచ్చి నాకు చెప్పాడు అంది. ఒక్క మాట ఎక్కువ గానీ తక్కువ గానీ చెప్పలేదు.

మధ్యాహ్నం ఆ పట్నం బస్టాండులో కరుణాకర్ అత్తాకోడళ్లను చూశాడు. సత్తమ్మ బెంచీ మీద కూర్చుంది, జమున పక్కన నిలబడి ఉంది. దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టాడు. జమున మొహం తిప్పుకుంది. సత్తమ్మ అతన్ని తేరిపార చూసింది. చిక్కిపోయిన మొహాన్నీ, నెరిసిన గడ్డాన్నీ చూసింది. ఇంతలో బస్సు వచ్చింది. ఆమె కోడలి చెయ్యి పట్టుకుని ఎక్కింది.

మెట్‌పల్లిలో పిల్లల దగ్గరికి పోవడానికి అతను ఎక్కాల్సిన బస్సు కూడా అదే. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కండక్టర్ రమ్మని పిలిచాడు. కరుణాకర్ వద్దన్నట్టు చెయ్యి ఊపి, తర్వాతి బస్సు కోసం ఆగిపోయాడు.