ఆదివారం ఆయాసం

పరుపుల మేస్త్రీ కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే ఆయన భార్య ఆయన జబ్బు సగం చెప్పేసింది.

"ఊపిరాడదు డాక్టరమ్మా. ఒకటే దగ్గు, పిల్లికూతలు. పక్క గదిలోకి వినిపిస్తాయి. చూస్తుంటే నా ప్రాణం పోతోంది. ఎందుకొస్తోందో కూడా నాకు తెలుసు. మీరు ఆ ముక్క ఈయనకి గట్టిగా చెబితే చాలు."

డాక్టరమ్మ ఆ ఛాతీ జబ్బుల విభాగంలో చేరి ఇంకా నెల తిరగలేదు. గది చిన్నది. బల్ల, రెండు కుర్చీలు, పరీక్ష చేసే మంచం, దానికో ఆకుపచ్చ తెర. కిటికీ అవతల సైకిళ్ళ స్టాండు. తలుపు తీసినప్పుడల్లా వరండాలోంచి రకరకాల దగ్గులు లోపలికి వచ్చేవి. రోగుల్ని చకచకా పంపించడం ఆమెకింకా చేతకాలేదు. అడిగిందే అడుగుతుందని నర్సమ్మ రోజూ గొణుగుతూనే ఉంటుంది.

"మీరు చెప్పండి మేస్త్రీ గారూ. ఎన్నాళ్ళ నుంచి?"

మేస్త్రీ నోరు తెరిచాడు.

"ఆర్నెల్లు దాటింది," అంది భార్య.

"సిగరెట్లు కాలుస్తారా?"

"ఈయనా? అగ్గిపుల్ల గీయాలన్నా నన్నే పిలుస్తారు."

మేస్త్రీ యాభై దాటిన మనిషి. పొడుగ్గా, ఎముకల గూడులా ఉంటాడు. చొక్కా భుజం మీద దూదిపోగు ఒకటి అంటుకుని ఉంది. మొహంలో ఏ భావమూ లేదు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు పరుపుల వీధిలో ఎవరూ లేరట. కొత్తగా పెళ్ళయిన జంటలు పరుపు కొనడానికి వచ్చి, ఆయన మొహం చూసి, ఏదో విచారకరమైన పని మీద వచ్చినట్టు గొంతు తగ్గించి మాట్లాడతారని ఆయన భార్యే చెప్పింది.

దూదిపోగు చూడగానే డాక్టరమ్మకు ప్రాణం లేచొచ్చింది. దూది ధూళి వల్ల వచ్చే ఆయాసం గురించి ఆమె బాగా చదువుకుంది. అలాంటి మనిషి తన ఎదురుగా కూర్చోవడం ఇదే మొదటిసారి.

"షాపులో పని చేస్తున్నప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉంటుందా? సెలవు అయ్యాక సోమవారం పొద్దున మరీ ఎక్కువవుతుందా?"

"లేదు మేడం," అన్నాడు మేస్త్రీ. ఆ గదిలో ఆయన గొంతు వినపడటం అదే మొదలు. "పొద్దస్తమానం దూదిలోనే ఉంటాను. ముక్కుకి గుడ్డ కట్టుకుంటాను. అక్కడేమీ కాదు. సోమవారం హాయిగా ఉంటుంది."

డాక్టరమ్మ ఉత్సాహం చల్లబడింది. రాత్రిళ్ళు దగ్గు వస్తుందా అంటే, చలికాలంలో కొంచెం అన్నాడు. చిన్నప్పుడు ఇలాంటిదేమైనా ఉండేదా అంటే, పరుగెత్తితే కూతలు వచ్చేవని వాళ్ళమ్మ అనేదన్నాడు. మరి ఇప్పుడెప్పుడు వస్తుంది అని అడిగితే మాత్రం కిటికీ వైపు చూశాడు.

"ఆదివారం," అంది భార్య. "ఆదివారం మధ్యాహ్నం. కారణం బయట బెంచీ మీద కూర్చుని ఉంది. కావాలంటే చూసి రండి."

బయట కూర్చున్నది మేస్త్రీ చెల్లెలు. బ్యూటీ పార్లరు నడుపుతుంది. ఆదివారం మధ్యాహ్నం దాకా పార్లరు చూసుకుని, అటునుంచి అటే అన్నయ్య ఇంటికి వచ్చేది. ఒంటినిండా జుట్టు రంగుల వాసన, స్ప్రేల వాసన. ఆమె వచ్చిన కాసేపటికే ఈయనకు ఆయాసం.

"ముందు నేనే చెప్పాను, స్నానం చేసి రామ్మా అని. చేసే వచ్చింది. అయినా వచ్చింది ఆయాసం. ఆ వాసన ఎముకల్లోకి ఇంకిపోయింది మరి. ఇంక లాభం లేదని, మీ అన్నయ్యకి తగ్గేదాకా గడప తొక్కొద్దని చెప్పేశాను. ఆమె రావడం మానేసినప్పటి నుంచి ఈయనకి ఒక్కసారి కూడా రాలేదు. ఇంకేం కావాలి?"

లెక్క సరిగానే ఉంది. ఘాటైన వాసనలకు ఊపిరి బిగుసుకునే వాళ్ళు చాలామందే ఉంటారు. కానీ మేస్త్రీ ఇల్లు, చెల్లెలి పార్లరు ఒకే వీధిలో ఉన్నాయని, ఆయన రోజూ ఆ పార్లరు ముందునుంచే షాపుకు నడిచి వెళతాడని మాటల్లో తేలింది. అద్దాలు బిగించడానికో, ఫ్యాను బాగుచేయడానికో లోపలికీ వెళతాడు. అక్కడ ఎప్పుడూ ఏమీ కాలేదు.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "సరే. ఆయాసం మొదలయ్యే ముందు, సరిగ్గా అప్పుడు, మీరేం చేస్తూ ఉంటారు?"

మేస్త్రీ భార్య వైపు చూశాడు. నేల వైపు చూశాడు.

"ఏం చేస్తారు, అన్నాచెల్లెళ్ళిద్దరూ ముందు గదిలో కబుర్లు," అంది భార్య. "నేను వంటింట్లో ఉంటాను. కాసేపటికి దగ్గు వినిపిస్తుంది. పరుగెత్తుకెళ్ళి చూస్తే మొహం ఎర్రగా కందిపోయి, కళ్ళమ్మట నీళ్ళు కారుతూ, మాట రాక చేతులు ఊపుతుంటారు. ఆవిడగారేమో పక్కన బిత్తరపోయి కూర్చుంటుంది."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "అమ్మా, ఛాతీ పరీక్ష చేయాలి. మీరు కాస్త బయట కూర్చుంటారా?" అంది.

"నాకు తెలియని ఛాతీనా అది?"

నర్సమ్మ నవ్వాపుకుంటూ ఆమె భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకెళ్ళింది.

స్టెతస్కోపుకు ఏ కూతా వినిపించలేదు. ఊపిరి ధారాళంగా వస్తోంది, పోతోంది. డాక్టరమ్మ స్టెతస్కోపు తీసి మెడలో వేసుకుని, కుర్చీ ఆయన పక్కకు జరుపుకుంది.

"ఇప్పుడు చెప్పండి. నేను ఎవరికీ చెప్పను."

మేస్త్రీ తలుపు మూసి ఉందో లేదో చూసుకున్నాడు. "నవ్వుతాను మేడం."

"ఏంటీ?"

"నవ్వుతాను. మా చెల్లెలు వస్తే నాకు నవ్వాగదు. వంటింట్లోకి వినపడకుండా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుతాను. దానికి చిన్నప్పటి నుంచీ మనుషుల్ని అనుకరించడం అలవాటు. గొంతు, నడక, అంతా దించేస్తుంది. మా అమ్మ పోయాక నేను చదువు మాని పనిలో చేరాను. సాయంత్రం మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చేవాణ్ణి. అప్పుడది పక్కింటావిడ దగ్గర్నుంచి మా యజమాని దాకా అందర్నీ చేసి చూపించేది. నేను నవ్వేదాకా అన్నం తినేది కాదు. అప్పట్లో ఆయాసం రాలేదు. ఇప్పుడొస్తోంది."

"ఇంతోటిదానికి ఆర్నెల్లు దాచడమెందుకండీ? ఇంట్లో చెప్పేస్తే పోయేదిగా."

మేస్త్రీ గొంతు ఇంకా తగ్గించాడు. "ఇప్పుడది మా ఆవిణ్ణి చేసి చూపిస్తోంది మేడం."

డాక్టరమ్మ గభాలున తల తిప్పేసుకుని గోడ మీది ఊపిరితిత్తుల బొమ్మ వైపు చూసింది. కాస్త తేరుకున్నాక అడిగింది. "చెల్లెలు రావడం మానేశాక ఎలా ఉంది?"

"ఆయాసం లేదు," అన్నాడు. కొంచెం ఆగి, "ఏమీ లేదు మేడం. ఆదివారం కూడా షాపు తెరుస్తున్నాను," అన్నాడు. ఆ రెండో మాట అంటున్నప్పుడు మాత్రం ఆయన మొహంలో ఏదో కదిలింది.

"ఇది ఆస్తమానే. కొందరికి గట్టిగా నవ్వినా వస్తుంది. మందుంది. కానీ మీ ఆవిడకి నేను ఏదో ఒకటి చెప్పాలి కదా. ఏం చెప్పమంటారు?"

"నవ్వు వరకు చెప్పండి. దేనికో చెప్పకండి."

నర్సమ్మ ఇద్దర్నీ లోపలికి పిలిచింది. వదినా ఆడపడుచులు బయట బెంచీకి చెరో చివరా కూర్చున్నారట. లోపలికి కూడా అలాగే, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడంగా వచ్చి నిలబడ్డారు. చెల్లెలు పొట్టిగా, చురుగ్గా ఉంది. కళ్ళు మాత్రం వాచి ఉన్నాయి.

"నన్ను ఇంటికి రావద్దన్నారు గానీ ఆసుపత్రికి రావద్దనలేదుగా, అందుకని వచ్చాను," అంది ఎవరూ అడగకుండానే. "నావల్లే అయితే పార్లరు మూసేస్తాను డాక్టరు గారూ. ఇంకేదైనా పని చూసుకుంటాను."

"మీ పార్లరు వల్ల కాదు," అంది డాక్టరమ్మ. "వాసన వల్లా కాదు. ఈయనకి నవ్వితే ఆయాసం వస్తోంది."

మేస్త్రీ భార్య డాక్టరమ్మను జాలిగా చూసింది. "మీరు పొరబడ్డారమ్మా. ఈయన నవ్వరు."

"నవ్వుతారు."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. మహా అయితే మూతి ఒక పక్కకి వంకర పోతుంది, అంతే." అంతలో ఆమె భర్త వైపు తిరిగింది. "అంత ఊపిరాడకుండా నవ్వేంత ఏముందండీ మన ఇంట్లో? దేన్ని చూసి?"

నర్సమ్మ మంచం మీది దుప్పటి సరిచేయడం మొదలుపెట్టింది. మేస్త్రీ భుజం మీది దూదిపోగు తీసి చూసుకున్నాడు. చివరికి చెల్లెలే ముందుకొచ్చింది.

"నిన్ను చూసే వదినా."

"నన్నా?"

"నిన్నే. నేను నీలా మాట్లాడి చూపిస్తాను. తప్పే. కొడితే కొట్టు."

వదిన చీర కొంగు నడుముకు దోపుకుని, మంచం అంచున కూర్చుంది. "చెయ్యి. నేనూ చూస్తాను."

"ఇక్కడా?"

"ఇక్కడే. డాక్టరమ్మ ముందే తేలిపోనీ."

చెల్లెలు డాక్టరమ్మ వైపు చూసింది. వద్దనాలని డాక్టరమ్మకు తెలుసు. బయట వరండా నిండా జనం ఉన్నారు. అయినా ఆమె నోట్లోంచి వద్దనే మాట రాలేదు.

చెల్లెలు ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. అంతే, మనిషి మారిపోయింది. భుజాలు వెడల్పయ్యాయి, గడ్డం పైకి లేచింది. లేని ఫోను చెవి దగ్గర పెట్టుకుని, మరో చేత్తో లేని గరిటె తిప్పుతూ మాట్లాడింది.

"హలో... ఎవరూ? కాదు బాబూ, ఇది పరుపుల మేస్త్రీ గారిల్లు. రాంగ్ నంబరు. పెట్టేయ్ నాయనా... ఏంటి, డాక్టరుకి చేద్దామనుకున్నావా? ఎవరికి బాగాలేదు? అమ్మకా? అయ్యయ్యో. ఏ మోకాలు? కుడిదా, ఎడమదా? మెట్లెక్కితేనా, దిగితేనా? అలా చెప్పావు బావుంది... రాంగ్ నంబరే బాబూ, కాదని ఎవరన్నారు? నువ్వు ముందు అమ్మకివ్వు ఫోను."

గొంతు అచ్చం అదే. ఆ గరిటె తిప్పడం కూడా. నర్సమ్మ దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రీ పళ్ళు బిగించి కూర్చున్నాడు.

వదిన మొహం ఎర్రబడింది. "అందులో నవ్వడానికేముంది?" అంది. "ఆవిడకి నిజంగానే మోకాలి నొప్పి. ఇప్పుడు చాలా నయం. మొన్ననే మాట్లాడాను."

మేస్త్రీ ఇక ఆగలేకపోయాడు. ముందు ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది. తర్వాత ఆ పొడుగాటి మనిషి కుర్చీలో ముందుకు వంగిపోయి, పొట్ట పట్టుకుని, గది దద్దరిల్లేలా నవ్వాడు. పాతికేళ్ళు కాపురం చేసిన భార్య గుడ్లప్పగించి చూసింది. ఆ నవ్వు చూసి ఆమెకూ నవ్వొచ్చింది. ఆమె నవ్వడం చూసి ఆడపడుచు ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. దగ్గు వెనక సన్నగా పిల్లికూత. డాక్టరమ్మ ఒక్క అంగలో ఆయన దగ్గరికి వెళ్ళి స్టెతస్కోపు వీపు మీద పెట్టింది. ఇందాక నిశ్శబ్దంగా ఉన్న ఛాతీ ఇప్పుడు ఈలలు వేస్తోంది.

"ఏమండీ," అంది భార్య. నవ్వు ఎగిరిపోయి, ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి చెల్లెలు పట్టుకుంది.

"భయపడకండి. నాకు వినాల్సింది ఇదే," అంది డాక్టరమ్మ.

ఊపిరి బలం కొలిచే గొట్టంలో ఆయన చేత ఊదించింది. ముల్లు సగానికైనా రాలేదు. నర్సమ్మ ఇన్‌హేలరు తెచ్చి, ప్లాస్టిక్ డబ్బాకు తగిలించి ఆయన నోటికి అందించింది. నెమ్మదిగా పీల్చమని, కాసేపు బిగబట్టమని చెప్పింది. అలా నాలుగైదు సార్లు పీల్పించారు. కాసేపటికి కూతలు పలచబడ్డాయి, ఇంకాసేపటికి ఆగిపోయాయి. మళ్ళీ ఊదిస్తే ముల్లు ఇందాకటి గుర్తు దాటి చాలా పైకి వెళ్ళింది.

ఊపిరి కుదుటపడ్డాక మేస్త్రీ అన్న మొదటి మాట: "ఎవరా మోకాలావిడ?"

"మీకెందుకు, ఊరుకోండి," అంది భార్య. "ఊపిరి తీసుకోండి ముందు."

డాక్టరమ్మ ముగ్గురికీ అర్థమయ్యేలా చెప్పింది. చిన్నప్పటి ఆస్తమానే మళ్ళీ తలెత్తింది. ఒక మందు రోజూ పీల్చాలి, ఆయాసం లేకపోయినా మానకూడదు. రెండోది జేబులో ఉండాలి, ఛాతీ బిగిస్తే వెంటనే వాడాలి. దానితో తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి. షాపులో ముక్కుకు గుడ్డ బదులు మంచి మాస్కు పెట్టుకోవాలి.

"మరి నవ్వు?" అంది భార్య. "మానెయ్యాలా?"

"అక్కర్లేదు. రోజూ మందు సరిగ్గా వాడితే నవ్వినా రాకూడదు. నవ్వితే వస్తోందంటే మందు చాలట్లేదని అర్థం. అప్పుడు నా దగ్గరికి రండి."

వదిన కొంగు నడుములోంచి తీసింది. కాసేపు దాని అంచు సరిచేసింది. ఆడపడుచు వైపు చూడకుండానే, "అయితే నేనన్న మాట తప్పే," అంది. "రంగుల వాసనని ఊరికే ఆడిపోసుకున్నాను. నిన్నూ అన్నాను. మనసులో పెట్టుకోకు."

"నేను నిన్ను ఎన్ని ఆదివారాలు అన్నానో నీకు తెలీదులే వదినా."

"ఇంకా ఉన్నాయా?"

"బోలెడు. నువ్వు తాళం వేసి మళ్ళీ తీసి చూసేది, బస్సులో కండక్టరుకి పెళ్ళి సంబంధం చెప్పింది..."

"ఇక్కడొద్దు," అంది డాక్టరమ్మ గబగబా. వరండాలోంచి ఎవరో తలుపు తడుతున్నారు.

నెల తర్వాత మేస్త్రీ మళ్ళీ వచ్చాడు, ఇద్దర్నీ వెంటబెట్టుకుని. గొట్టంలో ఊదితే ముల్లు ఉండాల్సిన చోటికే వెళ్ళింది. నాలుగు ఆదివారాలు గడిచాయట, జేబులో మందు ఒక్కసారే తీయాల్సి వచ్చిందట.

"ఆ ఒక్కసారీ ఏం చేస్తున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

మేస్త్రీ చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు చటుక్కున పైకప్పు వైపు చూసింది. చెప్పింది వదినే, ఎంతో సంబరంగా.

"మేం చెప్పింది విని మిమ్మల్ని చేస్తోందమ్మా. కలం కింద పెట్టి, కుర్చీ జరుపుకుని, 'మీరు చెప్పండి మేస్త్రీ గారూ' అంటారు చూడండి, అది. అచ్చు గుద్దినట్టు ఉంటుంది. కావాలంటే చేయిస్తాను."

వెనక నర్సమ్మ అప్పటికే తలుపు గడియ పెట్టి వచ్చి స్టూలు మీద కూర్చుంది. డాక్టరమ్మ ముందు ఇన్‌హేలరు మేస్త్రీ చేతికిచ్చి, తర్వాత చెల్లెలి వైపు తిరిగి, "కానివ్వండి," అంది.